గంటమ్మ ఎందుకు వంగేదంటే

ఆ బడిలో గంట కొట్టే మనిషికి అసలు పేరొకటి ఉందన్న సంగతి హాజరు పట్టీ రాసే గుమస్తాకి తప్ప ఎవరికీ గుర్తు లేదు. పిల్లలు గంటమ్మ అన్నారు, టీచర్లు గంటమ్మ అన్నారు. చివరికి ఇంట్లో మొగుడు కూడా ఎగతాళికి మొదలెట్టి, అలవాటైపోయి, గంటమ్మ అనే పిలవసాగాడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా రోజుకి పదకొండుసార్లు గంట కొట్టిన చెయ్యి ఆవిడది. అందుకని కుడి భుజం ఎడమ భుజం కంటే కాస్త కిందికి జారి ఉంటుంది. మొగుడు దర్జీ. ఆవిడ బట్టలు కుట్టేటప్పుడల్లా, "నీ ఒక్కదానికే ఇద్దరు మనుషుల కొలతలు తియ్యాల్సొస్తోంది" అని సణుగుతాడు. సణుగుతూనే ఆ వంకర ఎవరికీ కనపడకుండా కుట్టిపెడతాడు. ఆ సణుగుడే లేకపోతే ఆయనకి అన్నం అరగదు.

బడి సిస్టర్లది. దేవుడి పనికీ పిల్లల చదువుకీ బతుకు రాసిచ్చేసిన ఆడవాళ్ళు కట్టిన బడి. గంటమ్మ మతం వేరు. మాటకొస్తే అక్కడ చదివే పిల్లల్లో సగానికి పైగా వేరే మతాలవాళ్ళే. అక్కడ మూడు విగ్రహాలుండేవి. మేడమెట్ల మలుపులో కర్ర పట్టుకున్న ముసలాయన ఒకరు. ఎటు నిలబడ్డా ఆయన కళ్ళు మనల్నే చూస్తున్నట్టుండేవి కాబట్టి, హోంవర్కు చెయ్యని పిల్లలు అక్కడ తలొంచుకుని పరిగెత్తేవాళ్ళు. లైబ్రరీ గుమ్మం దగ్గర పుస్తకం పట్టుకున్నాయన ఇంకొకరు. పాపం, లైబ్రరీకి వెళ్ళేవాళ్ళే తక్కువ కావడంతో ఆయన జోలికి ఎవరూ పోలేదు. మూడో విగ్రహం గేటు దాటగానే గోడవారన ఉండేది. మోకాలెత్తు దిమ్మ మీద మనిషంత ఎత్తున ఒక పునీతురాలు. రెండు చేతులూ ముందుకి చాచి, అరచేతులు పైకి పెట్టి, ఏదో అందుకోబోతున్నట్టు నిలబడి ఉండేది. పలక మీద ఆవిడ పేరు చెక్కి ఉంది గానీ పిల్లలకి ఆవిడ చేతులమ్మ.

పోయిన వస్తువులన్నీ చేతులమ్మ దగ్గరికే చేరేవి. ఆటస్థలంలో ఎవరికైనా ఏదైనా దొరికితే పరిగెత్తుకెళ్ళి ఆవిడ చేతికి తగిలించడమే. వాటర్ బాటిళ్ళు, టిఫిన్ బాక్సు సంచులు, ఐడీ కార్డులు, స్వెట్టర్లు, ఒంటి సాక్సులు. ఒకసారి కుంటుకుంటూ ఇంటికి వెళ్ళిన పిల్లాడి బూటు కూడా. చిన్న చిన్న వస్తువులు, హెయిర్ క్లిప్పులూ తాళంచెవులూ రబ్బర్లూ, అరచేతుల్లో పెట్టేవాళ్ళు. పోగొట్టుకున్నవాళ్ళు వచ్చి తీసుకునేవాళ్ళు. ఎవర్నీ అడగక్కర్లేదు, ఎవరికీ చెప్పక్కర్లేదు. సాయంత్రం గేటుకి తాళం వేసేముందు మిగిలినవన్నీ గంటమ్మ సంచిలో వేసుకుని తన గదిలో పెట్టేది, మర్నాడు పిల్లలొచ్చే వేళకి మళ్ళీ తగిలించేది. అంచేత పొద్దున్నే ఆ దారిన పోయేవాళ్ళకి చేతులమ్మ చేతులు ఎప్పుడూ ఖాళీగా, కడిగినట్టు కనిపించేవి.

ఈ అలవాటు ఎలా మొదలైందో చెప్పాలంటే, గంటమ్మ ఇంకా గంటమ్మ కాని రోజులకి వెళ్ళాలి.

అప్పుడావిడకి ఇరవై ఎనిమిదేళ్ళు. ఒక్కగానొక్క కూతురికి పుట్టుకతోనే చెవులు సరిగ్గా వినపడవు. రెండు బళ్ళవాళ్ళు నవ్వుతూనే తలుపు వేశారు. ఈ బడి నడిపే పెద్ద సిస్టర్ మాత్రం పిల్లని ఎగాదిగా చూసి, "ముందు వరసలో కూచోబెడదాం. మా దగ్గర గట్టిగా అరిచే టీచర్లకేం కొదవ లేదు" అంది. ఆ తర్వాత పదకొండు నెలలు ఆసుపత్రి చుట్టూ చెప్పులరిగేలా తిరిగితే చెవి మిషను చేతికొచ్చింది. జారి పడిపోతుందని తల్లి దానికి ఎర్రదారం కట్టి పిల్ల మెడలో వేసింది. ఇంత జాగ్రత్త చేస్తే, నాలుగో రోజు సాయంత్రానికి పిల్ల బోసి చెవితో, బోసి మెడతో గేటు బయటికి వచ్చింది. ఆటలో గోల ఎక్కువైందని తీసేసిందట, ఎక్కడ పెట్టిందో మరిచిపోయిందట.

ఆఫీసులోకి వెళ్ళి చెబుదామంటే తల్లికి ధైర్యం చాలలేదు. ఇంత జాగ్రత్త లేనివాళ్ళకి సీటెందుకిచ్చామా అనుకుంటారేమో. అనుకుని పిల్లని పంపేస్తే ఎక్కడికి వెళ్ళాలి? అందుకని నోరెత్తకుండా ఆటస్థలంలో మోకాళ్ళ మీద కూచుని, చేత్తో మట్టి దువ్వుతూ, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వెతికింది. గేటు మూసేస్తున్నామంటే లేచి వెళ్ళింది. మర్నాడు బడి తెరవకముందే వచ్చి, మిగతా సగం వెతకబోయింది.

గేటు దాటగానే కనపడింది. విగ్రహం చూపుడువేలికి ఎర్రదారం, దారానికి చెవి మిషను. చుట్టుపక్కల ఒక్కరూ లేరు. ఆవిడ దాన్ని తీసుకుని, దొంగతనం చేసినట్టు గుండెకి అదుముకుని, వీధి చివరిదాకా పరిగెత్తి అప్పుడు ఏడ్చింది.

రెండు వారాల తర్వాత పెద్ద సిస్టరే ఆవిడని ఆపింది. "నువ్వేనా మా ఆటస్థలాన్ని మోకాళ్ళతో ఊడ్చింది? గంట కొట్టే ఆయన మానేస్తున్నాడు. అంత ఓపిగ్గా వెతికే మనిషి నాక్కావాలి" అంది. అలా దొరికింది ఉద్యోగం. కొన్నాళ్ళకి చనువు వచ్చాక గంటమ్మ అడిగింది. "ఆ వస్తువు దొరికినప్పుడు నన్ను ఆఫీసుకి పిలిచి ఇవ్వొచ్చుగా సిస్టర్?"

"పై కిటికీలోంచి నిన్ను చూశాను. పిలిస్తే నువ్వు సంజాయిషీ చెప్పుకోవాలి. ఎవరి వస్తువు వాళ్ళు తీసుకోడానికి సంజాయిషీ ఎందుకు?" అంది పెద్ద సిస్టర్.

ఆ ఒక్క మాట గంటమ్మ ముప్పై ఒక్క ఏళ్ళు నెత్తిన పెట్టుకుని మోసింది. ఆటస్థలంలో ఏది దొరికినా చేతులమ్మ చేతికే తగిలించింది, చూసి పిల్లలూ నేర్చుకున్నారు. పెద్ద సిస్టర్ పోయింది. ఆ పిల్ల చదువుకుంది, ఉద్యోగం చేస్తోంది, చక్కగా మాట్లాడుతుంది. మాట్లాడటమేమిటి, తండ్రితో పోట్లాటకి దిగితే చెవి మిషను తీసి బల్ల మీద పెట్టి మరీ గెలుస్తుంది. ఇదంతా ఎవరి పుణ్యమని ఎవరైనా అడిగితే గంటమ్మ క్షణం ఆలోచించకుండా చెబుతుంది. కానీ ఎవరూ అడగలేదు. అడగని మాట చెప్పే అలవాటు ఆవిడకి లేదు.

ఇక గొడవ సంగతి.

రెండేళ్ళ కిందట కొత్త హెడ్ సిస్టర్ వచ్చింది. చిన్న వయసు, చురుకైన మనిషి, నడిచిందంటే ఫ్యాను గాలి వీచినట్టుంటుంది. విగ్రహాలు మూడూ వాకిట్లోంచీ మెట్లమీంచీ తీసి, ప్రార్థన గదిలో పెట్టాలని ఆవిడ కమిటీకి రాసింది. "మన పిల్లల్లో సగానికి పైగా వేరే ఇళ్ళ నుంచి వస్తారు. గేట్లో అడుగుపెడుతూనే ఇది మీది కాదు అన్నట్టు ఉండకూడదు. నమ్మేవాళ్ళు లోపలికి వెళ్ళి నమ్ముకుంటారు" అన్నది ఆవిడ వాదన. మెట్ల మలుపులో ముసలాయన్ని చూసి జడుసుకుని ఒకటో తరగతి పిల్ల వారం రోజులు మేడెక్కలేదన్న మాట కూడా నిజమే. మనిషి చెడ్డది కాదు. చెడ్డదైతే గంటమ్మకి పని తేలికయ్యేది, హాయిగా తిట్టుకునేది.

ఎదురు తిరిగింది మిల్లాయన. ఊళ్ళో నూనె మిల్లు ఉన్నాయన, ఆ బడిలోనే చదివినాయన, కమిటీలో అందరికంటే పెద్దాయన. "బడి కట్టినవాళ్ళు పెట్టిన విగ్రహాల్ని తియ్యడానికి మనమెవరం? రేపు బడి పేరు కూడా తీసేస్తారా?" అన్నాడాయన, అరికాలి మంట నెత్తికెక్కి. ఉత్తరాలు నడిచాయి. తల్లిదండ్రులు గేటు దగ్గర రెండు గుంపులుగా నిలబడి మాట్లాడుకోసాగారు. గోరంత మాట సాయంత్రానికి కొండంత అయ్యేది. గంటమ్మ ఆ రెండు గుంపుల మధ్య నుంచే వెళ్ళి గంట కొట్టి వచ్చేది. ఎవరు ఏం అడిగినా, "నాకేం తెలుసు బాబూ" అనేది. లోపల మాత్రం ఒకటే గుబులు. చేతులమ్మ లోపలికి వెళ్ళిపోతే, పోయిన వస్తువులకి ఆఫీసులో పెట్టె పెడతారట. రిజిస్టరులో పేరు రాయాలట, ఎక్కడ పోయిందో ఎందుకు పోయిందో చెప్పాలట. అప్పుడు అడగడానికి భయపడే పిల్ల ఏం చేస్తుంది? మోకాళ్ళ మీద మట్టి దువ్వే తల్లి ఏం చేస్తుంది?

కమిటీలో తొమ్మిది మంది. నలుగురు అటు, నలుగురు ఇటు. తొమ్మిదో మనిషి రిటైరైన పళ్ళ డాక్టరు. జీవితమంతా అవతలివాళ్ళని నోరు తెరవమనడమే గానీ తను నోరు తెరవని మనిషి. ఆయన, "అందరికంటే పాత మనిషిని ఒకసారి పిలవండి. ఆవిడ ఏమంటుందో విని చెప్తా" అన్నాడు. అలా గురువారం మధ్యాహ్నం మీటింగుకి రమ్మని గంటమ్మకి కబురొచ్చింది.

ఇంట్లో ఈ మాట చెబితే మొగుడు కుట్టుమిషను తొక్కడం ఆపలేదు. "అడిగినదానికి ఊ అను, ఉహూ అను. నీ ముక్కుసూటితనం ఇంట్లో వదిలేసి వెళ్ళు, సాయంత్రం వచ్చి తీసుకుందువు గాని."

కూతురు తల్లి మొహం చూస్తూ నవ్వింది. ఆ పిల్ల మనుషుల పెదాలు చూసి సగం, కళ్ళు చూసి సగం వింటుంది. "నాన్నా, అమ్మ అలా ఉండగలిగితే నీతో ఇన్నేళ్ళు పోట్లాడేది కాదు" అంది.

మీటింగు గదిలో పొడుగు బల్ల, చుట్టూ కుర్చీలు, చల్లారిన టీ కప్పులు. బయట చినుకులు పడుతున్నాయి, తలుపు వెనక గొడుగులు ఆరేసి ఉన్నాయి. గంటమ్మని కూర్చోమన్నారు. కూర్చుంది, కానీ కుర్చీ అంచునే. ఆవిడ ఇంకా నోరు తెరవకముందే మిల్లాయన లేచాడు.

"ఈవిడని ఏమీ అడగక్కర్లేదు డాక్టరుగారూ. నేను చెప్తా వినండి. పన్నెండేళ్ళ నుంచి నేను పొద్దున్నే ఈ దారిన వాకింగుకి వెళ్తాను. పన్నెండేళ్ళూ నా కళ్ళతో నేను చూశాను. ఈవిడ మన మతం మనిషి కాదు. అయినా రోజూ, రోజూ అంటే ఒక్క రోజు తప్పకుండా, మొదటి గంట కొట్టేముందు ఆ తల్లి ముందు వంగి, ఆ పాదాలు రెండు చేతులా పట్టుకుని లేస్తుంది. వేరే మతాలవాళ్ళు బాధపడతారని అంటున్నారే, ఇదిగో, వేరే మతం మనిషి! ఈవిడకి లేని బాధ ఎవరికి?" ఆయన గంటమ్మ వైపు చెయ్యి చూపించాడు. "ఎన్నోసార్లు ఈవిడని చూసి నేను సిగ్గుపడ్డాను. నేను కూడా అంత భక్తిగా వంగలేదు."

పళ్ళ డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అదే నిజమైతే ఇంకేం ఆలోచించక్కర్లేదు. నా ఓటు విగ్రహాలు ఉండాలనే. ఏమ్మా, నిజమేనా?"

ఇన్నాళ్ళూ తన వెనక ఒక మనిషి నిలబడి ఇలా అనుకుంటున్నాడని గంటమ్మ కలలో కూడా ఊహించలేదు. ఎందుకంటే ఆవిడ వంగేది దండానికి కాదు. అరచేతుల్లో పెట్టిన క్లిప్పులూ తాళంచెవులూ జారి, దిమ్మకీ గోడకీ మధ్య సందులో పడిపోయేవి. సాయంత్రం మసక వెలుతురులో కనపడవు. పొద్దున ఎండ ఆ సందులోకి సూటిగా పడుతుంది. అప్పుడు వంగి చూసేది. ఆటస్థలంలో అరిగిన మోకాళ్ళు కదా, లేవాలంటే ఏదో ఒకటి పట్టుకోవాలి. చేతికి అందేది ఆ పాదాలే.

ఒక్క తల ఊపితే చాలు. చేతులమ్మ ఎక్కడికీ పోదు. గంటమ్మ హెడ్ సిస్టర్ వైపు చూసింది. తను వంగేది ఎందుకో హెడ్ సిస్టర్‌కి తెలుసు. బడిలో అందరికీ తెలుసు, కమిటీలో మిగతావాళ్ళకే తెలియదు. హెడ్ సిస్టర్ ఆ మాట చెప్పి ఆ క్షణంలోనే గెలవొచ్చు. చెప్పలేదు. బల్ల మీదికి చూస్తూ, పెన్ను మూత పెడుతూ తీస్తూ కూచుంది. గంటమ్మకి ఆవిడ మీద అప్పుడు పుట్టిన గౌరవం తర్వాత ఎప్పుడూ తగ్గలేదు.

ముప్పై ఒక్క ఏళ్ళుగా ఎవరిది వాళ్ళకి ఇచ్చేసిన మనిషి గంటమ్మ. పిల్లల విరిగిపోయిన రంగు పెన్సిలు కూడా తనదిగా అట్టే పెట్టుకోలేదు. ఇప్పుడు ఈ పెద్దాయన, పాపం మంచి మనసుతో, తనది కాని భక్తిని తెచ్చి తన చేతికి తగిలించాడు. దాన్ని ఎలా ఉంచుకోవడం?

"లేదు సార్. నేను దండం పెట్టట్లేదు" అంది గంటమ్మ.

"అదేమిటి? నేను చూశాను కదా!"

"వంగడం నిజమే సార్. వెతుక్కోడానికి వంగుతున్నా. పిల్లల క్లిప్పులూ అవీ సందులో పడిపోతాయి. మోకాళ్ళు పట్టేస్తాయి, పాదాలు పట్టుకుని లేస్తా. అంతే సార్. మీరు నన్ను చూసి సిగ్గుపడక్కర్లేదు, నాకే సిగ్గుగా ఉంది."

"క్లిప్పులు అక్కడికి ఎందుకొస్తాయి?"

ఇక తప్పలేదు. మొదలుపెట్టాక ఆపడం ఆవిడకి చేతకాదు కాబట్టి మొత్తం చెప్పేసింది. చెవి మిషను, ఎర్రదారం, పెద్ద సిస్టర్ మాట, బాటిళ్ళు, స్వెట్టర్లు, అన్నీ. "ఆఫీసులో అయితే అడగాలి సార్. ఆవిడ దగ్గరైతే అడగక్కర్లేదు. పిల్లల కోసం ఉంచమనే నా మనవి. నా దండం లెక్కలోకి తీసుకోకండి, అది లేదు."

హెడ్ సిస్టర్ పెన్ను పక్కన పెట్టేసింది. పళ్ళ డాక్టరు నోరు నిజంగానే తెరుచుకుంది. మిల్లాయన మాత్రం ఒక్క మాట దగ్గరే ఆగిపోయాడు.

"సాక్సులా? పునీతురాలి చేతికి సాక్సులు తగిలించారా?"

"ఒంటివే సార్" అంది గంటమ్మ, అదేదో తప్పు తగ్గించే మాటలాగా.

ఎవరో కిసుక్కున నవ్వారు. మిల్లాయన మొహం కందగడ్డలా అయిపోయింది. బల్ల మీద అరచేత్తో చరిచాడు. "అయితే ఒక్క క్షణం కూడా ఆ తల్లి అక్కడ ఉండటానికి వీల్లేదు! లోపల పెట్టండి! ప్రార్థన గదిలో, గౌరవంగా! మూడింటినీ!" అని కుర్చీ వెనక్కి తోసి, ఎవరి మొహమూ చూడకుండా వానలోకి వెళ్ళిపోయాడు.

నెలల తరబడి తలలు పగలగొట్టుకున్న విషయం అలా తేలిపోయింది. విగ్రహాల కోసం పోట్లాడిన మనిషే వాటిని లోపలికి పంపాడు. ఆయన చేత పంపించిందెవరంటే గంటమ్మ. ఆ సాయంత్రం చివరి గంట రెండు నిమిషాలు ఆలస్యంగా మోగింది. ఆ ఉద్యోగంలో చేరాక అదే మొదటిసారి.

ఇంటికి వచ్చి జరిగిందంతా చెప్పి, "నా నోటితో నేనే ఆవిడని పంపేశాను" అని కూలబడింది. మొగుడు ఈసారి మిషను ఆపాడు. "మంచి పని చేశావు. లేకపోతే రేపటి నుంచి నువ్వు నిజంగా దండం పెట్టాల్సొచ్చేది, ఆ పెద్దాయన చూస్తున్నాడని. అది ఇంకా ఘోరం" అన్నాడు. దర్జీ కదా, అప్పుడప్పుడు సరిగ్గా అతికే మాట అంటాడు. ఆ మనిషి దొరికినందుకు కూడా గంటమ్మ ఎన్నోసార్లు లోలోపల సంతోషించింది. పైకి చెబితే చెట్టెక్కి కూచుంటాడని చెప్పలేదు.

మర్నాడు పొద్దున మీటింగు గది ఊడుస్తుంటే తలుపు వెనక ఒక గొడుగు మిగిలి ఉంది. కొయ్య పిడి, మంచి గొడుగు. ఎవరిదో అడగక్కర్లేదు. గంటమ్మ దాన్ని తీసుకెళ్ళి చేతులమ్మ మణికట్టుకి తగిలించింది. పొగరుతో చేసిన పని కాదు. పోయిన వస్తువుకి అదే చోటు, అంతే.

మిల్లాయన వాకింగుకి వచ్చాడు. గేటు దగ్గర ఆగాడు. నిన్న అంత అరిచాక లోపలికి వచ్చి గొడుగు అడగడానికి మొహం చెల్లక, చూసీ చూడనట్టు వెళ్ళిపోదామనే వచ్చినట్టుంది. గొడుగు కనపడింది. గంటమ్మ చీపురు పట్టుకుని అటు తిరిగి, ఊడ్చినచోటే మళ్ళీ ఊడవసాగింది.

"గంటమ్మా. నాదీ తగిలించావా?"

"పోయిన వస్తువు ఎవరిదైనా ఒకటే చోటు సార్."

"తీసుకోవచ్చా?"

"అడగక్కర్లేదు సార్. అందుకేగా అక్కడ పెట్టింది."

ఆయన మెల్లగా వెళ్ళి విగ్రహం చేతి నుంచి గొడుగు తీసుకున్నాడు. తీసుకుని, ఆ రాతి వేళ్ళని ఒకసారి తడిమి చూశాడు. ముప్పై ఒక్క ఏళ్ళ సంచుల పట్టీలు ఒరుసుకుని అవి నున్నగా అరిగిపోయి ఉన్నాయి. "ఇన్నేళ్ళూ చూస్తూనే ఉన్నా, ఏమీ చూడలేదన్నమాట" అన్నాడు తనలో తను అనుకుంటున్నట్టు. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "మీ అమ్మాయి బాగుందా?" అని అడిగాడు.

"బాగుంది సార్. చాలా బాగుంది" అంది గంటమ్మ. చెప్పలేనంత సంతోషం వేసింది ఆవిడకి.

తీర్మానం మాత్రం మారలేదు. సెలవుల్లో పనివాళ్ళు వచ్చారు. చేతులు విరగకుండా మిల్లాయన తన మిల్లు నుంచి గోనెపట్టాలూ దూదీ పంపించి, పక్కనే నిలబడి చుట్టించాడు. దిమ్మ ఎత్తేసరికి చెయ్యి చేరని గోడ సందు అడుగులోంచి ఒక చేటెడు సామాను బయటపడింది. తుప్పు పట్టిన తాళంచెవులు, గోళీలు, విరిగిన క్లిప్పులు, ఒక పాలపన్ను. పళ్ళ డాక్టరు ఆ పన్నుని ఎండకి ఎత్తి చూసి, "పై వరస, ముందరిది. చక్కగా ఊడింది" అని సర్టిఫికెట్ ఇచ్చి జేబులో వేసుకోబోతే గంటమ్మ ఒప్పుకోలేదు. అది ఎవరిదో ఏమిటో, వచ్చి అడిగితే? డాక్టరు తలొంచి ఇచ్చేశాడు.

సెలవులైపోయి బడి తెరిచారు. గేటు పక్కన కొత్త సిమెంటు చదరం ఒకటి తెల్లగా కనపడుతోంది. ఆఫీసు బయట కొత్త పెట్టె, మీద రిజిస్టరు, రిజిస్టరుకి దారంతో కట్టిన పెన్ను. మధ్యాహ్నం అన్నాల గంటకి ముందు గంటమ్మ ఎడం చెయ్యి ముందుకి చాచి, మెట్లమీంచి ఉరికొచ్చే చిన్నపిల్లల్ని ఆపుతూ, కుడిచేత్తో గంట తాడు అందుకుంది. రెండో తరగతి పిల్ల ఒకతి ఎక్కడో దొరికిన నీలం బాటిలు పట్టుకుని వచ్చింది. సిమెంటు చదరం దగ్గర నిలబడి అటు చూసింది, ఇటు చూసింది. ఆఫీసు పెట్టె వైపు రెండడుగులు వేసి ఆగింది. తర్వాత నేరుగా వచ్చి, చాచి ఉన్న గంటమ్మ చేతికి బాటిలు తగిలించి, మాట్లాడకుండా వెళ్ళిపోయింది.

గంటమ్మకి నవ్వొచ్చింది. గంట కొట్టింది గానీ ఎడం చెయ్యి దించలేదు. అన్నాల వేళ అయిపోయేసరికి ఆ చేతికి బాటిలుతో పాటు ఒక స్వెట్టరూ, ఒక ఐడీ కార్డూ చేరాయి. ఒక పిల్లాడు వచ్చి తన స్వెట్టరు తీసుకుని, ఎవరినీ ఏమీ అడక్కుండా వెళ్ళాడు. వరండాలోంచి హెడ్ సిస్టర్ ఇదంతా చూసి దగ్గరికి వచ్చింది.

"ఎంతసేపు ఇలా, గంటమ్మా?"

"గోడకి మేకులు కొట్టించేదాకా సిస్టర్."

"రేపే వడ్రంగిని పిలుస్తాను. గేటు పక్కనే కొట్టిద్దాం, పిల్లలకి అందేంత ఎత్తులో" అంది హెడ్ సిస్టర్. "ఆ రిజిస్టరు కూడా తీయించేస్తాలే" అంది. ఆ మాటకి గంటమ్మకి ప్రాణం లేచి వచ్చింది.

పిల్లలందరూ క్లాసుల్లోకి వెళ్ళాక, చేతికి బాటిలుతోనే ఆవిడ ప్రార్థన గదికి వెళ్ళింది. అన్నేళ్ళలో ఆ గది ఊడ్చింది, కిటికీలు తుడిచింది, అంతకుమించి అక్కడ ఆవిడకి పని లేకపోయింది. లోపల ఎవరూ లేరు. ముసలాయనా పుస్తకాలాయనా చెరో పక్కా, మధ్యలో చేతులమ్మ. దిమ్మ లేదు, నేల మీదే నిలబడి ఉంది. చేతులు ఖాళీగా ఉన్నాయి. చూపుడువేలి మీద, ఎర్రదారం వేలాడిన చోట, నున్నటి గాడి ఒకటి ఉంది. గంటమ్మ దాన్ని వేలితో ముట్టుకుంది. ఆవిడకి ఆ మతం ప్రార్థనలు రావు. పెద్ద సిస్టర్ గుర్తొచ్చింది, కూతురి గొంతు గుర్తొచ్చింది, వీధి చివర ఏడ్చిన ఏడుపు గుర్తొచ్చింది.

కిటికీ బయట వీధి ఖాళీగా ఉంది, ఎవరూ చూడట్లేదు. తుడిచిన నేల మీద క్లిప్పు లేదు, తాళంచెవి లేదు, వెతకాల్సింది ఏమీ లేదు.

గంటమ్మ వంగింది.